కొట్టంలో పాతర

"ముందుచూపున్న మనిషి" అని మా నాయినను ఊరంతా మెచ్చుకునేది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది నల్లగొండ వైపు మెట్ట ఊరు. ఆ రోజుల్లో గింజల కోసం ఎవరు ఎటునుంచి వస్తారో తెలిసేది కాదు. లెవీ పేరుతో పంటలో వాటా కొలుచుకుపోయే సర్కారు వాళ్లు, దోచుకుపోయి మిగిలింది తగలబెట్టే రజాకార్లు, అన్నం అడిగే సంఘం దళాలు. నాయిన అందరికీ సిద్ధమయ్యాడు. పారిపోవాల్సి వస్తే అందుకోవడానికి తలా ఒక బట్టల మూట కట్టించి దూలానికి వేలాడదీశాడు. వెనక గోడకు మనిషి దూరేంత కంత పెట్టి, పిడకలు అడ్డం పేర్చాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

బర్రెల కొట్టంలో పాతర తవ్వాడు. ఊరంతా చేలల్లో ఉండే మధ్యాహ్నాలు ఆయన తవ్వుతుంటే, అమ్మా నేనూ ఆ మన్ను గంపలకెత్తి పెంటకుప్ప మీద పోశాం. గొయ్యి చుట్టూ గడ్డి, వేపాకు పరిచి జొన్నలు నింపాం. పైన చెక్కలు వేసి, మన్ను కప్పి, పేడతో అలికి, దాని మీదే బర్రెను కట్టేశాం.

నాకప్పుడు పదేళ్లు. నాయిన నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"బిడ్డా, గీ సంగతి ఎవ్వలకు చెప్పకు. మీ అత్తకు గుడ చెప్పకు. చెప్పినవంటే నన్ను మన్నుల పెట్టినట్టే."

అత్త అంటే నాయిన సొంత చెల్లెలు. గోడ అవతలే ఇల్లు. అమ్మ దువ్వితే ఏడ్చేదాన్నని రోజూ అత్తే నాకు తల దువ్వి జడ వేసేది. ఆమె భర్త సంఘంలో కలిసి అడవి పట్టాడు. ఆమెకు తెలిస్తే దళానికి తెలిసినట్టేనని నాయిన భయం.

ఓ రోజు రజాకార్లు వచ్చి ఆమె భర్త కోసం వెతికారు. దొరకలేదన్న కసితో గడ్డివాము తగలబెట్టి, గుమ్మిలో ఉన్న జొన్నలన్నీ ఊడ్చుకుపోయారు. మర్నాడు అత్త ఖాళీ చాట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, ఒక్క కుంచెడు జొన్నలు పెట్టే. పిల్లలు ఆకలికి తాళుతలేరు."

"ఎక్కడియి చెల్లె? లెవీకి ఊడ్సుకపోయిన్రు గద. నా మాట నమ్మకుంటె గీ పిల్లనడుగు."

అబ్బా, ఎంత మాట! తాను ఆడిన అబద్ధానికి నన్ను సాక్ష్యం పెట్టాడు. అత్త నావైపు తిరిగింది. ఆ ముఖంలోకి చూస్తూనే చెప్పాను.

"లేవత్తా."

ఆమె నమ్మింది. అన్న మాట కాదు, నా మాట నమ్మింది. చాట చంకన పెట్టుకుని, "నీకు గుడ ఆకలైతాందా నా తల్లీ?" అని నా చెంప నిమిరి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున చిన్న ముంతలో చింతగింజల పిండి అంబలి తెచ్చింది. "పిల్లలకు పోసినంక మిగిలింది బిడ్డా, తాగు" అంది. ఆమె చిన్న కూతురు కొంగు పట్టుకుని ఆ ముంతనే చూస్తోంది. నేను నాయిన వైపు చూశాను. వద్దంటే అనుమానం వస్తుందని ఆయనకు తెలుసు.

"తాగు బిడ్డా. అత్త ప్రేమతోని తెచ్చింది" అన్నాడు.

తాగాను. అడుగు దాకా తాగాను. వారం రోజులు రోజూ తెచ్చింది, రోజూ తాగాను.

కుండలో దాచిన పిండి అయిపోయాక, అత్త ఆకుకూర ఏరుకోవడానికి చేలకు పోయిన పూట చూసి నాయిన పాతర తెరిచాడు. లోపలి గాలికి మనిషి పడిపోతాడని మమ్మల్ని దూరం నిలబెట్టి, చాలాసేపు ఆగి గింజలు తోడాడు. అమ్మ తలుపు మూసి రొట్టెలు చేసింది. ఇన్ని జాగ్రత్తలు పడ్డ మనిషి ఒకటి మరిచాడు. పాతర జొన్నలకు ఒక మాగిన వాసన ఉంటుంది. రొట్టె కాలుతుంటే నాలుగిళ్ల దాకా పోతుంది. మా వైపు పసిపిల్లలు కూడా ఆ వాసన పట్టేస్తారు.

తలుపు తోసుకుని అత్త వచ్చింది. కొంగులో ఆకుకూర, కళ్లు నా చేతిలో రొట్టె మీద. నాయిన "చెల్లె, అది..." అంటూ లేచాడు. ఆమె ఆయన వైపు చూడనేలేదు.

"పొద్దుగాల్ల నా అంబలి తాగినవు గద బిడ్డా" అంది నాతో.

వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. అమ్మ రెండు రొట్టెలు పట్టుకుని వెనకాలే పరుగెత్తితే అత్త తలుపు తీయలేదు. మర్నాడు ఇద్దరు పిల్లల్నీ తీసుకుని కూలి వెతుక్కుంటూ మక్తల్ వైపు వెళ్లిపోయింది.

పోలీస్ యాక్షన్ దాకా మా పాతర ఎవరికీ దొరకలేదు. ఆ తర్వాత మేమే పూర్తిగా తెరిచి చూస్తే వానకు నీళ్లు దిగి, అడుగున సగం జొన్నలు నల్లగా కుళ్లిపోయాయి. వాటిని పెంటకుప్ప మీద పోశాం. అయినా నాయిన చచ్చేదాకా "జాగ్రత్త పడ్డం కాబట్టి బతికినం" అంటూనే ఉన్నాడు. నువ్వు బతికావు నాయినా. నా నోటితో నీ చెల్లెలి కడుపు కొట్టించి బతికావు. నన్ను నమ్మి రహస్యం చెప్పావని మురిసిపోయాను చూడు, అదే నాకు ఎక్కువ మంట.

నా పెళ్లికి అత్త వచ్చింది. మేనత్త లేకుండా పెళ్లేమిటని ఎవరో బతిమాలి తీసుకొచ్చారు. అప్పగింతల ముందు చిన్నప్పటిలాగే నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. భోజనాల బంతుల్లో ఆమె ఎక్కడా కూర్చోలేదు, ఆ రోజంతా మా ఇంట మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాను. పట్టలేక వెనక్కి తిరిగి అడిగాను.

"అత్తా, తిన్నవా?"

"తిన్న బిడ్డా" అంది, నా ముఖంలోకి చూస్తూనే.