తోమిన గిన్నెలో తమ్ముడి చర్మం

ఒకసారి వాడి పారేయాల్సిన ప్లాస్టిక్ గిన్నెలను తోమి మళ్లీ ఇమ్మన్నప్పుడు ఆమె గట్టిగా కాదనలేకపోయింది. అది ఆసుపత్రిలో చర్మం పెంచే గది. కాలిన మనిషి ఒంటి మీద మిగిలిన మంచి చర్మంలోంచి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ఆ గిన్నెల్లో పొరగా పెంచుతారు. కడిగే పని ఆమెది. అందరికీ గిన్నెలక్క.

"ఒక్కసారే వాడమని మూత మీద ఉందట కదా సార్?"

"మూతల మీద రాతలు పట్టుకుని కూర్చుంటే కొంప గడిచినట్టే! తోమవమ్మా, నీ చేయి పడితే మట్టైనా మెరుస్తుంది," అన్నాడు స్టోరు అధికారి.

కాంట్రాక్టు ఉద్యోగం. పిల్లి మెడలో గంట కట్టడానికి తనెంత? గరుకు పీచుతో గుండ్రంగా, అరచేతులు మండేలా తోమేది.

ఇంతలో ఫ్యాక్టరీలో బాయిలరు పేలి తమ్ముడు కాలిపోయాడు. మంచి చర్మం తొడ మీద అరచేయంత మిగిలింది. దాని ముక్క ఆ గదికే వచ్చింది.

"అక్కా, నీ గిన్నెలో నా తోలు మొలుస్తోందటగా! కాస్త నున్నగా మొలిపించు. నీ మరదలు గుర్తుపట్టకూడదు," అన్నాడు కట్లలోంచి.

"నోరొక్కటీ కాలలేదురా నీకు," అని నవ్వింది. బయటికొచ్చి గోడ పట్టుకుంది.

పెరిగిన పొరను గిన్నెలోంచి ఎత్తబోతే పీలికలైంది. ఆ గది చూసే డాక్టరమ్మ ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"కణాలకి సరైన నేల కావాలక్కా. కొత్త గిన్నె అడుగును నున్నగా, వాటికి పట్టు దొరికేలా తయారుచేస్తారు. అలా ఉంటేనే పరుచుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తోమితే ఆ పట్టు పోయింది. చూడు, గీతల వెంట బారులు తీరాయి. మధ్యంతా బోసి."

చూసింది. సున్నాలు చుట్టినట్టు గీతలు. ఆ చేతి తీరు తనదే.

"ఇంకో ముక్క తీసి కొత్త గిన్నెలో వేయండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"తీయడానికి ఏదక్కా? తొడ కూడా చీము పట్టింది."

తమ్ముడు పోయాడు. డాక్టరమ్మ గిన్నెల మాట ఎత్తితే, "వాడి చర్మంలోనే సత్తువ లేదు," అని తేల్చేశాడు స్టోరు అధికారి. ఆమె పనిలోకి వచ్చేసరికి తొట్టినిండా గిన్నెలు ఎదురుచూస్తున్నాయి. ఇంకెవరి తమ్ముడి కోసమో. పీచు అందుకుంది. మానేస్తే ఇల్లు గడవదు.

ఆమె అడిగితే ఉద్యోగం పోతుంది. మనకేం పోతుంది? మీ ఊళ్లో ఇలాంటి గది ఉంటే తలుపు తట్టండి. ఏ గిన్నెలో పెంచుతున్నారో చూపించమనండి. చూపించేదాకా కదలకండి.