సోములు నంబరు నుంచి లక్ష్మణమ్మ ఆలోచనలు

2017లో మా భావనపాడు ఆడవాళ్ల ఫోన్లకు రోజూ పడవలు నీళ్లలో దిగే వేళకు ఒక వాట్సాప్ సందేశం వచ్చేది. పైన 'సోములు' అని పేరు, పక్కన ఎర్ర చొక్కాలో అతని ఫొటో. కింద ఆ రోజు ఆలోచన. 'బెంగుళూరులో మనోళ్లకి తాటి తాండ్ర దొరకడం లేదట. ఎవరు చేస్తారు?' ఇలా ఉండేది.

సోములు అప్పటికి మూడేళ్ల కిందటే వేటకు వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అతని ఫోను ఇంట్లో ఉండిపోయింది. దాంట్లోంచి ఆ సందేశాలు పంపేది అతని భార్య లక్ష్మణమ్మ.

ఆ వాట్సాప్ గుంపులో మగవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు జగన్నాధం. పూండి బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివాను. మా మత్స్యకార సంఘానికి ఇరవై రెండేళ్లు అధ్యక్షుణ్ణి. అందులో మూడుసార్లు పోటీయే లేదు. ఊరికి ఐసు ఫ్యాక్టరీ తెచ్చింది నేను. తుపాను షెల్టరుకు స్థలం ఇప్పించింది నేను. నలభై ఒక్క కుటుంబాలకు వేట కార్డులు రాయించింది నేను. కలెక్టరు గారు కప్పిన శాలువా ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఇన్ని చేసిన నాకు కూడా లక్ష్మణమ్మకు వచ్చిన ఆలోచనల్లో ఒక్కటీ రాలేదు. అందుకే ఆమె సంగతి రాస్తున్నాను.

లక్ష్మణమ్మ ఐదో తరగతి. మొదట గంపలో ఎండు నెత్తళ్ల చేపలు పెట్టుకుని టెక్కలి సంతకు వెళ్లేది. సోములు పోయాక అతని ఫోనుకు అతని దగ్గర చేపలు కొన్న పాత ఖాతాదారులు, హైదరాబాదులో మేస్త్రీ పనికి వెళ్లినవాళ్లు చేస్తుండేవారు. ఆమె వాళ్లను ఒకటే ప్రశ్న అడిగేది: "మీకక్కడ ఏటి దొరకదు?" ఒకడు నెత్తళ్లన్నాడు. బాగా ఎండబెట్టి, వాసన రాకుండా మూడు కవర్లలో కట్టి, బస్సు పార్సిలులో పంపింది. మరొకామె ముక్క జీడిపప్పు అంది. అది తాను చేయక, పలాస జీడి బట్టీలో పనిచేసే రేఖకు చెప్పింది.

వలలు బాగుచేసే పాకలో మధ్యాహ్నం వీళ్లంతా చేరేవారు. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఒసే లక్ష్మణీ, నీకు తోసిన యాపారం అందరికీ పంచీసి నువ్వేటి తింటావే?" అంది దేవి. ఆమె మా వీధిలోనే అరిసెలు, పాకుండలు చేసి అమ్ముతుంది.

"సేపల గుంపు కనబడితే మీ ఆయన ఏటి సేస్తాడు? తుండుగుడ్డ ఊపి పక్క పడవని పిలవడా?"

"పిలుస్తాడు. ముందు తన వల నింపుకుని పిలుస్తాడు!"

"నాది గంప కదే, గబుక్కున నిండిపోద్ది."

రేఖ పకపకా నవ్వింది. "మావా, మీరే సెప్పండి. దీని బుర్రకి సంఘం తరపున ఒక శాలువా కప్పరా?"

"కప్పుదుంలే," అన్నాను. నవ్వాను కూడా. ఇంతలో లక్ష్మణమ్మ చేతిలో ఫోను మోగింది. అవతలి గొంతు పాకలో అందరికీ వినపడింది: "సోములు గారేనా అండీ?"

"ఆయన ఏటకెల్లారండి. ఏటి కావాలో నాకు సెప్పండి," అంది ఆమె, మామూలుగా.

 దేవి వల కన్నంలోకి దారం ఎక్కిస్తూ తల వంచుకుంది.  ఆ తర్వాత పొద్దున్నే సోములు పేరుతో సందేశం వచ్చినప్పుడల్లా ఫోను బోర్లించి పెట్టేవాణ్ణి. అయినా చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. 'పండక్కి పాకుండలు. ముంబైలో మనోళ్లు అడుగుతున్నారు.' ఎర్ర చొక్కాలోంచి సోములు నా వైపే చూసేవాడు. దానికి కారణం ఉంది. తర్వాత చెప్తాను.

2018 జనవరిలో ఆమె మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మావా, నంబరు ఆపేస్తారట."

ఆధార్‌తో ఫోను నంబర్లు కలపమన్న రోజులవి. నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్లే వచ్చి వేలిముద్ర వేయాలి. టెక్కలిలో సిమ్ములమ్మే దుకాణానికి వెళ్లిందట. అక్కడివాడు మిషను ముందుకు తోసి, "సోములు గారిని తీసుకురామ్మా, ఒక్క వేలు చాలు" అన్నాడట. లేదంటే చనిపోయిన కాగితం తెచ్చి తన పేరుకు మార్చుకోమన్నాడట.

"ఆ నంబరే మా యాపారం మావా. నాలుగొందలమందికి ఆ నంబరే తెలుసు. నాది పోతే పోనీ. రేఖది, దేవిది, పన్నెండు మందివీ అందులోంచే వస్తన్నాయి. మీరు ఎంతమందికి కాగితాలు తెచ్చినారు! నాకొకటి తేలేరా?"

తేగలను. కాని ఆ కాగితానికి అడ్డు నేనే.

మా రేవులో వేట పుస్తకం ఉంటుంది. పడవలో ఎవరెవరు వెళ్లారు, ఎన్ని గంటలకు వెళ్లారు, ఎన్ని గంటలకు వచ్చారు అన్నది అందులో నేనే రాసేవాణ్ణి. ఒకడికి జ్వరమొస్తే బదులు ఇంకొకడు వెళ్లడం మాకు మామూలు. అలాంటప్పుడు కార్డు ఎవరిదో వాళ్ల పేరే రాస్తాం. 2014 ఆగస్టులో ఎల్లాజీకి జ్వరమొచ్చింది. సోములు బదులు వెళ్లాడు. నేను ఎల్లాజీ అని రాశాను. గాలివానకు పడవ తిరగబడింది. ఇద్దరు ఈదుకొచ్చారు. మా పడవలన్నీ నాలుగు రోజులు వెతికాయి. మండలాఫీసువాళ్లు వచ్చి పుస్తకం చూశారు. దాని ప్రకారం మూడోవాడు ఎల్లాజీ, ఇంట్లో దుప్పటి కప్పుకుని బతికే ఉన్నాడు. ఎవరూ గల్లంతు కాలేదని రాసుకుని వెళ్లిపోయారు. తప్పుడు పేరు రాశానని చెబితే నా పదవికి మచ్చ. నోరు మూసుకున్నాను. నన్ను చూసి మిగతావాళ్లూ మూసుకున్నారు.

అప్పుడు లక్ష్మణమ్మ నన్ను అడగలేదు. పైగా, "జాబితాలో ఆయన పేరు నేదంటే మంచిదే మావా. పోయినోళ్లలో నేడన్నమాట," అంది. ఆ మాట మూడేళ్లుగా నా చెవిలోనే ఉంది.

ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమెకు పుస్తకం సంగతి మొత్తం చెప్పాను. 

"ఎల్లాజీ పేరు రాసింది మీరేనా? ఆఫీసోళ్లు తప్పుగా రాసుకున్నారనుకున్నాను."

"నానే తల్లీ."

"అయితే మీరే సరిసేయండి," అంది.

మర్నాడు పుస్తకం పట్టుకుని మండలాఫీసుకు వెళ్లాం. నేను, ఆమె, ఎల్లాజీ, ఆ రోజు ఈదుకొచ్చిన ఇద్దరూ. ఎల్లాజీ దారంతా ఒకటే గొణుగుడు: "నా పేరుమీద ఆడు పోనాడు. నేను తిన్న ప్రతి ముద్దా ఆడిదే." అధికారి అందరి మాటా రాయించుకున్నాడు. నా వాంగ్మూలం కింద సంతకం పెట్టాను. సంఘం పదవికి రాజీనామా కూడా అక్కడే రాసిచ్చాను. తర్వాత పుస్తకంలో ఎల్లాజీ పేరు కొట్టేసి, పక్కన సోములు పేరు రాసి, తేదీ వేశాను.

అధికారి పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. "వచ్చిన వేళ గడి ఖాళీగా ఉంది. ఏదో ఒకటి రాయాలి."

నా కలం కదల్లేదు. లక్ష్మణమ్మ చేయి చాపి కలం తీసుకుంది. ఐదో తరగతి అక్షరాలతో, కూడబలుక్కుంటూ రాసింది: 'ఇంకా రాలేదు.'

అధికారి చదివి మెల్లగా అన్నాడు: "అమ్మా, 'ఇంకా' ఉంటే కాగితం ఇవ్వలేను. రాలేదని ఉండాలి. అంతే."

ఆమె ఆ మాట వైపు చూస్తూ కూర్చుంది. బయట ఎవరిదో బండి స్టార్టు కాక మొరాయిస్తోంది. ఎల్లాజీ లేచి గోడ వైపు తిరిగాడు. ఆమె కలం మళ్లీ పట్టుకుని 'ఇంకా' మీద గీత గీసింది. ఒక్కసారే, ఎడమ నుంచి కుడికి. గీత కింద మాట కనపడుతూనే ఉంది. ఆమె దాన్ని పూర్తిగా చెరపలేదు. అధికారి కూడా చెరపమనలేదు.

కాగితం పది రోజుల్లో వచ్చింది. గడువుకు ముందే నంబరు ఆమె పేరుకు మారింది.

గీత గీసిన రోజు ఆఫీసు మెట్లు దిగుతూ ఆమె అంది: "మావా, నిజం అప్పుడే రాసుంటే ఈ మూడేళ్లూ నాను ఎదురుసూసేదాన్ని కాదు. ఎదురుసూసాను గనకే పొద్దున్నే లెగిసాను, ఆ ఫోను పట్టుకున్నాను. మిమ్మల్ని తిట్టాలో దండం పెట్టాలో నాకు తెలీడం నేదు."

 ఆటో వచ్చింది. ఆమె ముందు ఎక్కింది. కాసేపు రోడ్డు వైపు చూసి, లోపలికి జరిగి నాకు చోటిచ్చింది.