మూడున్నర మీటర్ల చీటీగుడ్డ

నా చిన్నప్పుడు భిన్నాల లెక్కలంటే మా బళ్లో పిల్లలంతా హడలిపోయేవారు. నాకు మాత్రం మహా గర్వం. తిరగేసి గుణించడం వచ్చాక కంటికి కనిపించినదాన్నల్లా భాగించేదాన్ని. అమ్మ పోయిన తరువాత బొబ్బిలి దగ్గర మా మేనమామ ఇంట్లో పెరిగాను. అత్తకు నలుగురు ఆడపిల్లలు, నేను ఐదోదాన్ని అనుకునేదాన్ని.

ఆ ఏడు అమ్మవారి సంబరానికి మావయ్య పచ్చపువ్వుల చీటీగుడ్డ తెచ్చాడు. పిల్లలందరికీ జాకెట్లు కుట్టించమని అత్తకు చెప్పి పొలానికి వెళ్లిపోయాడు. అమ్మ పోయాక నా వంటి మీద కొత్త బట్ట పడలేదు. ఆ గుడ్డ మీంచి నా చూపు కదల్లేదు. అత్త దాన్ని కొలిచి, తన పిల్లల్నెవరినీ కాకుండా నన్నే పిలిచింది. అంతమాత్రానికే పొంగిపోయాను.

"ఒసే, మూడున్నర మీటర్లున్నాది. జాకెట్టుకి ముప్పావు మీటరు సొప్పున ఎన్నొస్తాయో లెక్క కట్టి సెప్పు."

గచ్చు మీద బొగ్గుముక్కతో వేశాను. మూడున్నర అంటే ఏడు బై రెండు. ముప్పావు అంటే మూడు బై నాలుగు. దాన్ని తిరగేసి గుణిస్తే పద్నాలుగు బై మూడు. అంటే నాలుగు జాకెట్లు, ఐదోదానిలో మూడింట రెండు వంతులు. గట్టిగా చదివి, మెచ్చుకుంటుందని అత్త మొహంలోకి చూశాను.

"నాలుగే వస్తాయని నువ్వే సెప్పినావు కదే. ఆ రెండొంతుల జాకెట్టు తొడుక్కుంటావేటి?" అని నవ్వింది. పిల్లలూ నవ్వారు. నా గొయ్యి నా చేతే తవ్వించిందని అప్పుడు తెలియలేదు. లెక్క సరైనదే కదా, ఇక ఏడవడానికేముందనుకున్నాను.

సంబరం ముందురోజు జాకెట్లు తెమ్మని నన్నే పంపింది. మా వీధిలో కుట్టుమిషను పక్కింటి అక్కకే ఉండేది. నాలుగు జాకెట్లూ మడిచి, వాటిపైన అదే గుడ్డతో కుట్టిన తలగడ గలేబు పెట్టింది అక్క. "నాలుగేల్ల బుడ్డిదానికి ముప్పావు మీటరెందుకే? ఈ గలేబుకి పోయిన అర మీటరే దానికి సరిపోయీది. దాని ముక్క నీకొచ్చీది. మీ అత్తకి సెప్పినాను, ఇనుకోలేదు," అంది.

అక్కడే నిలబడి మనసులో మళ్లీ వేశాను. నాలుగు ముప్పావులు మూడు మీటర్లు, బుడ్డిదానికి అర. సరిగ్గా మూడున్నర. గుడ్డకేం కొదవ లేదు. అప్పుడొచ్చింది ఏడుపు. అక్క కొంగుతో నా మొహం తుడిచింది గాని, ఆమె మాత్రం ఏం చేస్తుంది? అత్త కడుపులో లేనిది అక్క కౌగిలించుకుంటే వస్తుందా?

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లో ఏది పంచాలన్నా ముందు మనుషుల్ని లెక్కపెట్టి, ఆ తరువాతే కొలత తీస్తాను. ఎవరైనా లెక్క ప్రకారం ఇంతే వస్తుందంటే, దేనితో భాగించావని అడుగుతాను. కొందరికి కోపం కూడా వస్తుంది. అత్త మంచాన పడ్డప్పుడు వెళ్లి అన్నం తినిపించాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. క్షమించానన్న మాట మాత్రం నా నోట రాలేదు. ఇప్పటికీ రాదు.