పెద్దకొండ ముందు మా కొండ

నా చిన్నప్పుడు పలాసలో మా ఇంటి వెనక ఒక కొండ ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది, కొండలెక్కడికి పోతాయి. కాకపోతే అప్పట్లో అది నా సొంతం అనుకునేదాన్ని. పొద్దున్నే పెద్దవాళ్ళు నడకకి వచ్చేవారు. ఆదివారం సాయంత్రమైతే ఊళ్ళో సగం మంది మరమరాల పొట్లాలు పట్టుకుని రాళ్ళ మీద చేరేవారు. ఒక పక్కన నున్నటి బండ ఉండేది. దాని మీద తాటిమట్ట వేసుకుని జారితే, గౌను చిరక్కుండా ఇంటికి చేరిన పిల్ల మా వీధిలో లేదు. జీడిపప్పు ఫ్యాక్టరీల పొగవాసన కొండపైదాకా వచ్చేది.

ఒక ఏడు దసరా సెలవులకి విశాఖపట్నం నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. నాకన్నా కొంచెం పెద్దది, నాకు అక్క. కలిసినప్పుడల్లా తనకి మా కొండ గురించి గొప్పలు చెప్పి ఉన్నాను కాబట్టి, వచ్చీరాగానే చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్ళాను. తను చుట్టూ చూసి, "ఇంతేనా? దీన్ని కొండంటారేటే? మా వైజాగులో దిబ్బంటారు," అంది. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు అందరం ఉద్దానం తీరంలో ఉన్న అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. అమ్మ పుట్టింటివాళ్ళు సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. "ఏటే కోడలా, మూతి ముడుసుకున్నావు?" అని మావయ్య అడిగాడు. అక్కే నవ్వుతూ అంతా చెప్పేసింది. మావయ్య ఎవరి పక్షమూ మాట్లాడలేదు. పొద్దున్నే ఇద్దరినీ పడవెక్కిస్తానన్నాడు. మా వాళ్ళలో ఆడవాళ్ళు పడవెక్కే అలవాటు లేదు. "నలుగురూ ఏటనుకుంటారురా?" అని అమ్మమ్మ సణిగింది. చిన్నపిల్లలే కదా అని మావయ్య ఆవిడని బతిమాలి ఒప్పించాడు.

ముందురోజు వాన పడి వెలిసింది. ఆకాశం కడిగినట్టుంది. ఒడ్డు పచ్చటి గీతలా మారేదాకా వెళ్ళి మావయ్య ఇంజను ఆపాడు. "ఇప్పుడు సెప్పండి, మనూరెక్కడ?" అన్నాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా కొబ్బరిచెట్లే. ఇళ్ళు లేవు, గుడి లేదు, మనుషులు లేరు. అక్క ఒక వైపు చూపించింది, నేను ఇంకో వైపు చూపించాను. రెండూ కాదన్నాడు. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అక్క దూరంగా మహేంద్రగిరిని చూసి, ఆ పెద్దకొండకేసి పోదాం అంది. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "అది ఈ తీరంలో ఏ ఊరోళ్ళకైనా కనపడతాది. దానికేసి పోతే ఏ ఊళ్ళో తేల్తామో. దాని ముందర సిన్నగా ఏటున్నాదో సూడండి," అన్నాడు.

చూశాను. ఒక చిన్న గూని. ఒక పక్క వాలుగా, ఒక పక్క కాస్త నిలువుగా. ఆ వాలు మీద ఎన్నిసార్లు జారానో నాకే తెలుసు. "అది మా కొండ," అన్నాను.

"నీ కొండే. పెద్దకొండ కిందకి అది తిన్నగా వచ్చిందా, మనూరు ఎదురుగా ఉన్నట్టే. అది ఎటు జరిగితే పడవని అటు తిప్పాల. నువ్వు సెప్పు, నాను తిప్పుతాను," అని ఇంజను వేశాడు. ఆ తర్వాత ఒడ్డువైపు చూడనే లేదు. మొహం సముద్రంవైపు పెట్టుకుని కూర్చున్నాడు. నేను తప్పు చెబితే వేరే ఊళ్ళో తేలతాం, అక్కణ్ణుంచి అమ్మమ్మ తిట్లు తినడానికి నడిచి రావాలి. కొండనే చూస్తూ ఎడమకి, ఇంకొంచెం కుడికి అని చెబుతూ వచ్చాను. పెద్దకొండ కింద మా కొండ కుదురుగా నిలిచింది. కాసేపటికి ఇసుక మీద ఒక తెల్లచీర కనిపించింది. మా కోసం ఎదురుచూస్తున్న అమ్మమ్మ.

తన తాతలనాటి నుంచీ ఊళ్ళోవాళ్ళంతా ఆ గుర్తు పట్టుకునే ఇళ్ళకి వస్తున్నారని, పడవ ఒడ్డుకి లాగుతూ మావయ్య చెప్పాడు. ఆ రోజు నా గర్వానికి పట్టపగ్గాలు లేవు.

పలాస తిరిగొచ్చాక కొండెక్కుదామని అక్కే అడిగింది. పైన నిలబడితే తూర్పున సన్నగా సముద్రం కనిపించింది. తను జడకున్న ఎర్రరిబ్బను విప్పి అటువైపు ఊపసాగింది. మావయ్యకి మనం కనపడం కదా అన్నాను.

"మనం కనపడం. కొండ కనపడతాది కదే," అంది.

ఇప్పుడు పడవల్లో దారి చూపే యంత్రాలొచ్చాయి, నాకు తెలుసు. అయినా మా పిల్లలతో ఆ కొండెక్కినప్పుడల్లా సముద్రంకేసి తిరిగి కాస్త నిటారుగా నిలబడతాను. అటు నుంచి ఎవరో ఒకరు మా కొండని వెతుక్కుంటూ ఇంటికి వస్తున్నారని అనిపిస్తుంది.