ఉయ్యాల కొక్కేనికి ఇంజిను

ఆ రోజుల్లో అల్లుడు నోరు తెరిచి ఒక మాట అడిగితే కాదనడం మా ఇళ్ళలో ఎవరికీ చేతనయ్యేది కాదు. ఇప్పుడు చేతనవుతోందని కాదు గానీ, ఇప్పటి అల్లుళ్ళు అడగడమే మానేశారు, ఏం కావాలన్నా ఫోన్లో తెప్పించుకుంటున్నారు. నేను ఏదైనా అడిగితే మా బాపు (నాన్నను మేం అట్లాగే పిలుస్తాం) చదువుతున్న పేపరు కిందికి దించకుండానే "వద్దు" అనేవాడు. అడిగేదేమిటో పూర్తిగా వినే అలవాటు కూడా ఉండేది కాదు. అదే మా బావ, అంటే మా అక్క భర్త, "మామా, ఒక చిన్న మాట" అనగానే పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, కుర్చీలో ముందుకు జరిగేవాడు. చేతిలో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా ఉండి ఉద్యోగం లేని వయసులో నేను ఈ తేడాను చాలా దగ్గరి నుంచి గమనించాను. అందుకే మా సుబేదారి ఇంటి గ్యారేజీలో ఒక స్పోర్ట్స్ కారు ఇంజిను ఊడదీయాలన్న కోరిక పుట్టినప్పుడు, ఆ మాట బావ నోటితోనే చెప్పించాను.

కారు బావదే. రెండే సీట్లు, ఎర్ర రంగు, నేలకు జానెడెత్తు. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఎవరో పెద్దాయన దగ్గర కొన్నాడు. కొన్నప్పటికే దానికి బావకంటే ఎక్కువ వయసు. నర్సంపేటలో వాళ్ళ నాన్నకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. దాని వెనక గోదాంలో, యూరియా బస్తాల పక్కన ఆ కారు ఉండేది. బావ వాళ్ళ నాన్నను మేమంతా నర్సంపేట మామ అంటాం. తెల్ల చొక్కా, తెల్ల ధోతి, ఒక్కటే మాట. ఆయనకు ఆ కారంటే గిట్టదు. "అది గీడ పడి ఉంటే ఉండనియ్యి, నేనైతే దాని మీద చెయ్యి గూడ వెయ్య" అని దుకాణానికి వచ్చిన రైతులందరి ముందూ అనేవాడట. మా అక్కకు నెల తప్పిందని తెలిసిన రోజు కొడుకును పిలిచి, "రెండు సీట్ల కారుల ముగ్గురెట్ల కూసుంటర్రా? పిల్ల పుట్టేలోపల అమ్మెయ్యి. లేకుంటే పాత ఇనుపోన్ని నేనే పిలుస్త" అన్నాడు. బావ సరేనన్నట్టు తలూపాడు. కొన్నాళ్ళకు "అమ్మేసిన నాయినా" అన్నాడు.

అమ్మలేదు. అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చిన వారానికే, ట్రాక్టరు ట్రాలీలో టార్పాలిన్ కప్పుకొని, చుట్టూ పత్తి బోరాలు పేర్చుకొని కారు కూడా పుట్టింటికి వచ్చింది. (మేం పత్తి వ్యాపారంలోకి దిగామని మా గల్లీలో కొన్నాళ్ళు చెప్పుకున్నారు.) బావ బాపు ముందు నిలబడి, "మామా, ఒక చిన్న మాట. ఇంజిన్ పొగ గొడ్తాంది. గీ గ్యారేజీల పెట్టుకొని నేను, చిన్నోడు గల్సి దించి, సర్వీసు జేసుకుంటం. మా నాయినకు మాత్రం తెల్వద్దు" అన్నాడు. నేను పంపు స్టవ్వు విప్పినందుకు నన్ను మూడు రోజులు పలకరించని మా బాపు, "దానికేమున్నది, మీ ఇల్లే గద" అన్నాడు. ఆ సాయంత్రమే తన స్కూటరు తీసి బయట వానలో పెట్టుకున్నాడు.

మా గ్యారేజీ అసలు గ్యారేజీ కాదు, ఇంటి ముందరి వరండా. దానికి షట్టరు పెట్టించి బాపు ఆ పేరు పెట్టాడు. ఇంట్లోకి పోవాలన్నా దాంట్లో నుంచే పోవాలి. దాని స్లాబు నడుమ ఒక లావాటి ఇనుప కొక్కెం ఉంది. పసితనంలో అక్కకూ నాకూ చీరతో తొట్టెల కట్టింది దానికే, పెద్దయ్యాక ఉయ్యాల బల్ల వేలాడదీసిందీ దానికే. ఇంజినును పైకి లేపడానికి దాన్ని మించింది లేదని నేను చూడగానే తేల్చేశాను. పండుగలకు పిల్లలమంతా ఉయ్యాల ఎక్కి ఊగుతుంటే మా మేనత్త కూడా వచ్చి మధ్యలో కూర్చునేది. మా మేనత్తను మోసిన కొక్కెం ఇంజినును మోయదా అన్నది నా లెక్క. నా చదువు మొత్తంలో నేను సొంతంగా వేసిన లెక్క అదొక్కటే, అది తప్పలేదు కూడా.

బావ శని, ఆదివారాలు వచ్చేవాడు. ముందు అక్కను పలకరించేవాడు, ఆ తర్వాత గ్యారేజీలో నుంచి లేచేవాడు కాదు. బానెట్ విప్పాం, ఆయిలు దింపాం, రేడియేటరు తీశాం, వైర్లన్నిటికీ గుర్తు కోసం అక్క చీరల పిన్నులు పెట్టాం. లారీల షెడ్డు నుంచి ఒక గొలుసు కప్పీ అద్దెకు తెచ్చి కొక్కేనికి తగిలించాం. నాకు గురువు ఫోన్లోని ఒక వీడియో. అందులో ఒక తెల్లదొర ఇంజినును పైకి లేపేదాకా చక్కగా నడిచేది, ఆ తర్వాత గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయేది. అందువల్ల ఇంజినును తీయడం నాకు క్షుణ్ణంగా వచ్చింది, మళ్ళీ పెట్టడం గురించి మాత్రం ఏమీ తెలియదు. ఇంజినును బయటికి లేపి నేల మీదికి దించి, పిస్టన్ల రింగులు మార్చాం, వాల్వులు అరగదీసి కూర్చోబెట్టాం. చిన్న చిన్న నట్లన్నీ అమ్మ ఆవకాయ జాడీలో వేశాం. (ఆ జాడీలో మళ్ళీ ఆవకాయ పెట్టలేదు. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.)

ఆ కారు ఎడమ తలుపుకు ఒక జబ్బు ఉండేది. లాగితే రాదు. ఒకసారి నేను కాలు తన్నిపెట్టి లాగుతుంటే బావ ఆపాడు. "గట్ల గాదు. కింది నుంచి జర ఎత్తాలె, లోపటికి నెట్టాలె, అప్పుడు గుంజాలె. దీని కథ నాకు దప్ప ఎవ్వలికి తెల్వది" అని మురిపెంగా చూపించాడు. తలుపు సుతారంగా తెరుచుకుంది. సొంత బిడ్డ గురించి కూడా ఆయన అంత మురిపెంగా చెప్పగా నేను వినలేదు. అప్పటికి బిడ్డ ఇంకా పుట్టలేదనుకోండి.

ఆ తర్వాత పుట్టింది, ఆడపిల్ల. ఇరవై ఒకటో దినాన తొట్టెల వేడుక అనుకున్నారు. నర్సంపేట నుంచి అందరూ వస్తారు, తొట్టెల కట్టాల్సింది ఆ కొక్కేనికే. "ఆ ముందటి రోజుకల్ల ఇంజిన్ కార్ల పడాలె, కారు వెనకింటోళ్ళ దొడ్లె పడాలె, కొక్కెం నాకు ఒప్పజెప్పాలె" అని అమ్మ ఆజ్ఞ వేసింది. బావకు సెలవు దొరికింది. ముందురోజు మధ్యాహ్నం నేను గొలుసు లాగుతుంటే ఇంజిను బుద్ధిగా పైకి లేచింది, కారు ముట్టెంత ఎత్తుకు వచ్చింది, అక్కడ గొలుసు మెలిపడి బిగుసుకుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. నేను లాగాను, బావ లాగాడు, ఇద్దరం కలిసి వేలాడాం. చీకటి పడ్డాక అమ్మ వచ్చి చూసి కొక్కెం మీద ఆశ వదులుకుంది. "తొట్టెల లోపట హాల్ల కడ్త గని, కనీసం గా నల్ల మొగం గనపడకుంట గప్పుండ్రి" అని తన పాత పసుపుపచ్చ చీర ఇచ్చింది. కారును గోడవారకు నెట్టి టార్పాలిన్ కప్పాం. ఇంజిను చుట్టూ చీర కట్టి, పైన గొలుసుకు ముడి వేశాం. అది చూడటానికి ఎలా ఉందో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మధ్యాహ్నానికి వస్తామన్న నర్సంపేట వాళ్ళు, తెల్లారి చల్లపొద్దుకే బయల్దేరి, మేం ఉప్మా తింటుండగా దిగారు. అందరికంటే ముందు నడిచింది నర్సంపేట మామ తల్లి, అందరూ పెద్దవ్వ అంటారు. కళ్ళు సరిగా ఆనవు. షట్టరు కింది నుంచి వంగి లోపలికి వచ్చి, నడుమ వేలాడుతున్న పసుపుపచ్చ చీరను చూసింది. "అయ్యో, పిల్లనొక్కదాన్నే గీడ పండవెట్టిన్రా" అంటూ దగ్గరికి పోయి మెల్లగా ఊపింది. కదలలేదు. ఇంకాస్త బలం పెట్టి ఊపింది. "అబ్బ, ఏం బరువున్నదిరా పిల్ల. అచ్చం మన దిక్కు పోలికే" అన్నది. వెనకే వచ్చిన నర్సంపేట మామ ముఖం విప్పారింది. జేబులో నుంచి మనవరాలి కాళ్ళకు తెచ్చిన వెండి పట్టగొలుసులు తీసి పట్టుకున్నాడు. పెద్దవ్వ జోల అందుకుంది, ఇంజిను నిదానంగా ఊగసాగింది. అంతలో చీర కింది నుంచి ఒక చుక్క ఆమె చేతి మీద పడింది. "తడిపిందిరా" అని పొంగిపోయింది ఆమె. మామ ఆ చేతిని చూశాడు. నల్లగా ఉంది. చీర కొంగు పక్కకు తొలగించి లోపలికి చూశాడు.

పెద్దవ్వ జోల విని మేం బయటికి వచ్చేసరికి మామ పట్టగొలుసులు చేత్తో పట్టుకొని ఇంజిను ముందర నిలబడి ఉన్నాడు. తల తిప్పి టార్పాలిన్ వైపు చూశాడు, దాని కింది నుంచి కనబడుతున్న ఎర్ర రంగును చూశాడు. "ఇది ఎవ్వల్ది?" అన్నాడు. బావ నోట్లో ఉప్మా ఉంది, దాన్ని మింగే ధైర్యం లేదు. తనదంటే కన్నతండ్రికి చెప్పిన అబద్ధం, అత్తగారింట్లో, బిడ్డ వేడుక నాడు, అందరి ముందూ బయటపడుతుంది. సాయంత్రానికి కారు పాత ఇనుము బండి ఎక్కుతుంది. అక్క తలుపు దగ్గర బిడ్డనెత్తుకొని రాయిలా నిలబడింది.

"నాది" అన్నాడు మా బాపు.

ఆఫీసు సెలవు చీటీలో లేని జ్వరం రాయడానికి కూడా మనసొప్పని మనిషి ఆయన. "మీ అబ్బాయి అమ్ముతాంటే నేనే కొన్న, బావగారు" అన్నాడు. (వియ్యంకులు ఒకరినొకరు అట్లాగే పిలుచుకుంటారు. ఆ రోజు మా ఇంట్లో ఎటు చూసినా బావలే.)

"మీరా? రెండు సీట్ల కారు మీకెందుకు బావగారు?"

"రెండు సీట్లే గద. నేను, మీ చెల్లె. మాకిద్దరికి సరిపోతది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. పెళ్ళయినప్పటి నుంచీ స్కూటరు వెనక సీటు తప్ప ఎరగని మనిషి ఆమె. నర్సంపేట మామ టార్పాలిన్ వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత "మంచిది. మీ కారు జర చూపియ్యండి మరి" అన్నాడు.

బాపు నెమ్మదిగా పోయి టార్పాలిన్ తీశాడు. యజమాని కదా, తలుపు తీయబోయాడు. గోడవారకు నెట్టాం కాబట్టి అందుబాటులో ఉన్నది ఎడమ తలుపే. లాగాడు, రాలేదు. ఇంకోసారి లాగాడు. "కొత్తది గద, జర బిగువున్నది" అన్నాడు. (కారు వయసు ముప్పై దాటింది.) బావ నన్ను, నేను బావను చూసుకున్నాం. నోరు విప్పితే అంతా బయటపడుతుంది. బాపు మెడ మీద చెమట కనిపిస్తోంది. మూడోసారి లాగుతుంటే నర్సంపేట మామ పట్టగొలుసులు పెద్దవ్వ చేతిలో పెట్టి ముందుకు వచ్చాడు. "గట్ల రాదు బావగారు" అంటూ చెయ్యి వేశాడు. కింది నుంచి ఎత్తాడు, లోపలికి నెట్టాడు, గుంజాడు. తలుపు సుతారంగా తెరుచుకుంది.

ఆ తలుపు బాపు తన జన్మలో ఒక్కసారి కూడా తెరవలేదని మామకు అర్థమైపోయింది. గోదాంలో ఎవరూ లేని వేళల్లో మామ ఆ తలుపు ఎన్నిసార్లు తెరిచి ఉంటాడో మాకు అర్థమైంది. ఆయన తన చేతిని తానే ఒకసారి చూసుకున్నాడు. బావ అప్పుడు మింగాడు ఉప్మా.

"కూసోండి బావగారు" అన్నాడు బాపు, చాలా మర్యాదగా.

"మీ కారు, మీరు ముందు" అన్నాడు మామ. చివరికి ఇద్దరూ కూర్చున్నారు, బాపు స్టీరింగు ముందు, తెల్ల ధోతి సర్దుకొని మామ పక్కన. ఇంజిను లేని ఆ కారులో చాలాసేపు, పత్తి గురించీ వానల గురించీ మాట్లాడుకుంటూ ఉండిపోయారు. వాళ్ళ ఉప్మా అక్కడికే తెచ్చిచ్చాను నేను. ఈలోగా బావ ఊరికే గొలుసు పట్టి చూస్తే అది జర్రున జారింది. పెద్దవ్వ ఊపిన ఊపుకు మెలి విడిపోయింది. ఇద్దరు వియ్యంకుల పర్యవేక్షణలో ఇంజినును కారులోకి దించాం, వరండా కడిగాం, ఆ కొక్కేనికే తొట్టెల కట్టాం. పెద్దవ్వ మళ్ళీ ఊపి, "పొద్దుగాలకు ఇప్పటికి పిల్ల చిక్కిపోయింది" అని దిగులు పడింది.

కారు ఇప్పటికీ మా గ్యారేజీలోనే ఉంది. బాపు కొన్న కారు ఇంకెక్కడ ఉంటుంది. నెలకోసారి నర్సంపేట మామ మనవరాలిని చూసి వస్తానని ఇంట్లో చెప్పి సుబేదారికి వస్తాడు. మనవరాలు హైదరాబాదులో ఉంటుందన్న సంగతి ఆయనకూ మాకూ తెలుసు. ఆయన, బాపు కలిసి పాలకుర్తి దాకా పోయి గుట్ట కింద చాయ తాగి వస్తారు. అమ్మ ఒక్కసారే ఎక్కింది, దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చిందని మళ్ళీ ఎక్కలేదు. పెట్టడం తెలియకుండా మేం పెట్టిన ఇంజిను ఇంకా నడుస్తోంది, జాడీలో మిగిలిపోయిన రెండు నట్లు ఎక్కడివో మాత్రం ఇప్పటికీ తెలియదు.

నేను ఇప్పుడు ఆఫీసుకు పోయే నా సొంత కారుకు రిమోటు ఉంది. వేలు ఆనిస్తే చాలు, తలుపు వచ్చేస్తుంది. అయినా పొద్దున తొందరలో ఉన్నప్పుడు నా చెయ్యి దానంతటదే కింది నుంచి జర ఎత్తి, లోపలికి నెట్టి, అప్పుడు గుంజుతుంది. మా వాచ్‌మన్ అదోలా చూస్తాడు. చీర కట్టిన ఇంజిను ముందు నిలబడ్డ ఆ సన్నటి పిల్లగాడు గుర్తొచ్చి, పొట్ట సర్దుకుంటూ స్టీరింగు వెనక కూర్చొని, కాసేపు కారు తీయకుండా నవ్వుకుంటాను.