సాగర్ రోడ్డు తారు

ఈ ఉదయం కారు బంపరు మీద తడిపిన న్యూస్‌పేపరు పరిచి, పక్కన పీట వేసుకుని కూర్చుని కొబ్బరినూనె సీసా మూత తీశాను. ఎండ ఇంకా ఎదురింటి గోడ దిగలేదు. నూనె గుడ్డను తలుపు కింది అంచున అద్దగానే తారు వాసన వచ్చింది. ఈ రెండు వాసనలు కలిస్తే చాలు, నాకు యాకోబు మామ గుర్తొస్తాడు. మా గల్లీలో కొత్తగా చేరినవాళ్లు నేను కారుకు తలంటు పోస్తున్నానని నవ్వుకుంటారు. వాళ్లు ఆయన్ని చూడలేదు. చూసి ఉంటే నవ్వేవాళ్లు కాదని అనను, ఇంకా ఎక్కువ నవ్వేవాళ్లు.

కొత్తపేట వెనక మా గల్లీలో మా ఎదురిల్లే ఆయనది. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు, అంతకుమించి చుట్టరికం లేదు. తెల్ల కారు ఒకటి కొనుక్కుని కిరాయికి తిప్పేవాడు. ఎక్కువగా విజయవాడ దారి బేరాలే. బాటసింగారం దాటిన దగ్గర్నుంచి దీపాల వెలుగుకు ఎగిరొచ్చిన పురుగులన్నీ ఆ కారు మూతికి అంటుకుని ఆయనతోపాటు ఇంటికొచ్చేవి. తెల్లారి గేటు ముందు బకెట్టు పెట్టుకుని ఆయన కారు కడగడం మొదలుపెడితే గల్లీకి వార్తలు మొదలైనట్టే. ఎవరి అల్లుడు అలిగి బస్సెక్కాడు, ఎవరి పిల్లవాడు ట్యూషనుకని చెప్పి సినిమాకు పోయాడు, ఏ పోర్షన్ ఖాళీ అవుతోంది, అన్నీ ఆ బంపరు దగ్గరే తెలిసేవి. "యాకోబు నోట్లె నువ్వుగింజ నానదు" అనేది అమ్మ, ఆయన చెవిన పడేట్టుగానే. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "నువ్వుగింజ నానకపాయె అక్కా, పురుగులు నాన్తే చాలు నాకు" అనేవాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేదాన్ని. కారు నేర్పమని అడిగితే, "స్టీరింగు తర్వాత, ముందుగాల బండి కడుగుడు నేర్చుకో" అన్నాడు. ఎండకు కాలిన రేకు మీద నీళ్లు పోయనిచ్చేవాడు కాదు. ముందు పైనుంచి నీళ్లతో దుమ్ము జార్చాలి, ఆ తర్వాతే గుడ్డ తగలాలి. ఒకరోజు అద్దం కింద ఎండిపోయిన పురుగు ఎంతకీ రాకపోతే నేను గోరు పెట్టబోయాను.

"గోరు పెట్టకు బిడ్డా. గిన్నెల పీచు అసలే పెట్టకు. నాననియ్యి."

"ఎంతసేపు మామా?"

"చాయ్ తాగొచ్చేదాంక."

తడి పేపరు పరిచి, నిజంగానే మూలమలుపు హోటల్‌కు పోయి చాయ్ తాగొచ్చాడు. వచ్చి పేపరు తీసి మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచేసరికి ఆ పురుగు ఆనవాలు లేకుండా పోయింది. అలాగని రోజుల తరబడి వదిలేయనిచ్చేవాడూ కాదు, ఎండిన పురుగు రంగును తినేస్తుందని ఆయన భయం. తారు చుక్కలకు మాత్రం నీళ్లు చాలవు. పాత బనియను ముక్కను కొబ్బరినూనెలో ముంచి, ఒక్కో చుక్క మీదా అద్ది, కాసేపు ఆగి, రుద్దకుండా తుడిచి, చివర్లో షాంపూ నీళ్లతో జిడ్డు కడిగేవాడు. "నా తలకు లేదు నూనె, బండికున్నది" అని ఆయన భార్య రూతమ్మ అత్త లోపల్నుంచి గొణిగేది. "గీకితే పురుగు పోతది, దాని ఎంబడి రంగు గూడ పోతది" అని ఆయన నాతో చెబుతున్నట్టు ఆమెకు జవాబిచ్చేవాడు.

నేను కారు నేర్చుకుంటున్న ఆ ఎండాకాలమే అమ్మ రొమ్ములో గడ్డ బయటపడింది. క్యాన్సరేనని డాక్టరు చెప్పిన రోజు అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి, ఎప్పటిలాగే ఇడ్లీపిండికి పప్పు నానబోసింది. గల్లీలో సగం ఇళ్లకు మా పిండే వెళ్లేది. చేతులు తుడుచుకుంటూ నాకొక్క షరతు పెట్టింది, ఈ సంగతి గల్లీలో ఎవరికీ తెలియకూడదని. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ అయ్యో అన్నారు. ఏడాది దాటినా అదే అయ్యో. కూర ఏం వండావని కూడా ఎవరూ అడగలేదు. "నన్ను చూసిపోనీకి ఎవ్వరు రావొద్దు. నాతోని ముచ్చట పెట్టనీకి రావాలె" అంది అమ్మ. నాకు అమ్మ బతుకుతుందా అన్న భయం ఒక్కటే ఉంది. అమ్మకు ఆ భయంతోపాటు, ఉన్నన్నాళ్లూ మామూలు మనిషిగా ఉండనిస్తారా అన్న భయం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

దవాఖాన నగరానికి ఆ చివర. మందు ఎక్కించుకున్నాక ఆటోలోనో మెట్రోలోనో రాగలిగే స్థితి ఉండదు. కారు కావాలి. అమ్మ యాకోబు మామ పేరు చెప్పగానే నాకు ఒళ్లు మండింది.

"ఆయనకు చెప్తే మైకులో చెప్పినట్టేనమ్మా."

"నోట్లె నానదు నానదని అందరం అన్నం. నానబెట్టనీకి ఎన్నడన్న ఏమన్న ఇచ్చినమా ఆయనకు?"

మా ముందుగదిలో కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి అమ్మే చెప్పింది. ఆయన తల వంచుకుని భుజం మీది గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"నేను ఎవ్వరికి చెప్ప అక్కా. కని ఏడికి పోయిన్రని నన్నే అడుగుతరు. నేను సప్పుడు చెయ్యకుంటెనే డౌటొస్తది గద. ఏదన్న ఒకటి చెప్పాలె." గుడ్డ మళ్లీ భుజాన వేసుకున్నాడు. "సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దిక్కు ప్లాటు చూడనీకి పోతున్నరని చెప్త."

మా వైపు ప్లాటు చూడ్డానికి వెళ్లనివాళ్లు ఎవరున్నారు? కొన్నా కొనకపోయినా ఆదివారం వస్తే చూసొస్తారు. ఎవరూ అనుమానించని అబద్ధం అది. అమ్మకు ఆ దిగుల్లోనూ నవ్వొచ్చింది.

"అబద్ధం గద తమ్మీ, మీ చర్చిల తప్పు గాదా?"

"ఐతారం ఐతారం దేవునికి చెప్పుకుంట తియ్యి. ఆయన ఎవ్వరికి చెప్పడు."

ఆ ప్రయాణాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి. సిగ్నల్ దగ్గర పక్క కారువాడితో కూడా కబుర్లు పెట్టే మనిషి, తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు. స్పీడు బ్రేకరు వస్తే కారును పాకించేవాడు. అమ్మకు వాంతి వస్తుందనుకుంటే అడగకముందే పక్కకు తీసి ఆపేవాడు. మమ్మల్ని గేటు దగ్గర దింపి ఇంకో బేరం ఉందని వెళ్లిపోయేవాడు. మర్నాడు ఉదయం చూస్తే కారు చక్రాల వెనకా తలుపుల అడుగునా నల్లటి తారు చుక్కలు. ఆయన పీట వేసుకుని నూనె గుడ్డతో అద్దుతుండేవాడు. గుంటూరు నుంచి వచ్చి మా పక్క పోర్షన్‌లో ఉండే సత్యవతి గారు ఒకరోజు మొక్కలకు నీళ్లు పోస్తూ ఆగింది.

"ఇంత తారెక్కడంటింది యాకోబు గారూ?"

"సాగర్ రోడ్డు మీద మేడం. కొత్తగ తారు పోస్తున్నరు. అక్కోళ్లను ప్లాటు చూడనీకి తోలుకపోయిన."

"అలాగా. తూర్పు ఫేసింగేనా?"

"తూరుపే."

ఆమె లోపలికి వెళ్లాక నేను గేటు దాటి వచ్చి మెల్లగా అడిగాను, మనం వెళ్లిన దారిలో తారెక్కడిది మామా అని. ఆయన చేతిలో పని ఆపలేదు.

"మిమ్ముల దింపినంక నేనొక్కన్నే అటు పోయొచ్చిన. ఉత్త మాట ఎవ్వరు నమ్ముతరు బిడ్డా? సాక్ష్యముండాలె."

తెల్ల రంగు మీద చిన్న గీత పడితే అన్నం సయించని మనిషి. దవాఖాన నుంచి వచ్చిన ప్రతిసారీ తన కారును తానే తారులోకి తోలుకుని వెళ్లి, మర్నాడు గల్లీ అందరి ముందూ కూర్చుని తుడిచేవాడు. ఆ పూట క్లాసులో బోర్డు మీద వేసిన లెక్కనే మళ్లీ మొదటినుంచి వేశాను. అంతకుముందు ఆయన గురించి అనుకున్న ప్రతి మాటా వెనక్కి తీసుకున్నాను.

అమ్మ జుట్టు ఊడిపోయాక ఒకరోజు కారెక్కుతూ కొబ్బరినూనె సీసా ఆయన చేతిలో పెట్టింది. "నాకిప్పుడు పనిలేదు తమ్మీ, నీ బండికి పెట్టు" అంది. ఆయన ఆ సీసా తీసుకుని ముందు సీట్లో పడిపోకుండా నిలబెట్టాడు. మర్నాటి వార్తల్లో అమ్మ గుట్టకు వెళ్లి తలనీలాల మొక్కు చెల్లించుకుందని వచ్చింది. చర్చికి పోయే మనిషి నరసింహస్వామి మొక్కు గురించి అంత భక్తిగా చెబుతుంటే నమ్మనివాళ్లెవరు? సత్యవతి గారు ప్రసాదం తేలేదేమని అమ్మను నిలదీసింది. రోజూ ఎవరో ఒకరు పిండి కోసం వచ్చి ప్లాటు సంగతి అడిగేవారు, అమ్మ కొంగు తల మీదికి లాక్కుని ఓపిక ఉన్నంతసేపు లేని ప్లాటును వర్ణించేది. రిపోర్టు బాగాలేని వారం దానికేదో చిక్కుందట అనేది. ఆ కబుర్లే అమ్మను నిలబెట్టాయని నేను నమ్ముతాను.

చివరి స్కాన్‌లో ఏమీ లేదని డాక్టరు చెప్పిన రోజు, పార్కింగ్‌లో ఎదురుచూస్తున్న యాకోబు మామకు అమ్మ ఒకటే మాట చెప్పింది. "కాయితాలు సాఫున్నయట తమ్మీ." ఆయన కారు దిగి, శుభ్రంగా ఉన్న ముందు అద్దాన్నే చాలాసేపు తుడిచాడు. మేమిద్దరం వెనక సీట్లో కూర్చుని ఆయన ముఖం చూడకుండా ఉండిపోయాం. ఇంటి దగ్గర దిగేటప్పుడు అమ్మ ఆయన భుజం తట్టి, "ఇగ చెప్పు, అందరికి చెప్పు. నీకే ఇస్తున్న ఆ ముచ్చట" అంది.

మర్నాడు బకెట్టు ముందు నిలబడి ఆయన చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. "అంత సంగతుంటే మీరు ఆపుకోగలిగేవారా యాకోబు గారూ?" అని సత్యవతి గారు నవ్వింది. "నాకు తెల్వకుండ ఈయన నోట్లె ఏమన్న ఆగుతదా?" అని రూతమ్మ అత్త అందరికంటే గట్టిగా నవ్వింది. బతుకులో మొదటిసారి ఆయన చెప్పిన వార్త చెల్లలేదు. దిక్కుతోచక మా గేటు వైపు చూశాడు. అమ్మ బయటికి వచ్చి తల మీది కొంగు తీసింది. అప్పుడప్పుడే వస్తున్న పొట్టి జుట్టు, బక్కచిక్కిన మెడ. నవ్వులు ఆగిపోయాయి. రూతమ్మ అత్త భర్త వైపు తిరిగింది.

"ఇన్ని నెలలు... నాకన్న చెప్పొద్దా?"

ఆయన బంపరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తడి పేపరు సరిచేస్తూ, "నానాలె గదనే" అన్నాడు.

ఎవరైనా అయ్యో అంటారేమోనని నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. సత్యవతి గారు కళ్లు తుడుచుకుని, "అయితే ప్లాటు కొనలేదా?" అంది. అమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసమే మేం ముగ్గురం అన్ని నెలలు ఆ గుట్టు మోశాం. ఆ తర్వాత మా గల్లీలో ప్లాటు అన్న మాటకు ఇంకో అర్థం వచ్చింది. నువ్వుగింజ సామెత మాత్రం మళ్లీ ఎవరూ అనలేదు.

పోయిన వానాకాలం యాకోబు మామ నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. అమ్మ మాత్రం ఇప్పటికీ పప్పు నానబోస్తూ, ఎదురింటి గేటు వైపు చూసి ఏదో చెప్పబోయి ఆగిపోతుంది. ఆయన నేర్పిన డ్రైవింగుతోనే నేనిప్పుడు నా చిన్న కారు నడుపుతున్నాను. నిన్న ఒకామెను దవాఖానకు తీసుకెళ్లాను. ఎవరికీ చెప్పొద్దంది. మా గల్లీ మనిషే, అంతకంటే ఇక్కడ కూడా రాయను. ఆమెను దింపాక నేనొక్కదాన్నే సాగర్ రోడ్డు మీదికి వెళ్లాను. ఒకచోట మళ్లీ తారు పోస్తున్నారు. ఆ సాక్ష్యం ఇప్పుడు మా గల్లీలో పనికిరాదని తెలుసు, అయినా వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఇందాక సత్యవతి గారు చెంబుతో మొక్కల దగ్గరికి వచ్చి కారు వైపు చూసి ఆగింది.

"ఇంత తారెక్కడంటిందమ్మా?"

"ప్లాటు చూడ్డానికి వెళ్లానండీ. తుర్కయంజాల్ వైపు."

ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. గల్లీలో ఏ గుమ్మం వైపూ చూడలేదు. ఎవరితో అని అడగలేదు. కాసేపటికి, "తూర్పు ఫేసింగే చూడమ్మా" అని, మొక్కలకు నీళ్లు పోసి లోపలికి వెళ్లిపోయింది.