కరెంటు పోయినా పట్టే బ్రేక్

అది 2021. కరోనాలో గల్ఫ్ పనులు పోయినవాళ్లు జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లకు తిరిగొచ్చి, మళ్లీ ఎటు పోవాలా అని చూస్తున్న రోజులు. నేను జగిత్యాలలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసేవాణ్ణి. కోరుట్లలో రోబోల పోటీ పెట్టారు.

మా టీమ్ లీడర్ రవళి, మేడిపల్లి పిల్ల. దుబాయ్ నుంచి వట్టి చేతులతో వచ్చిన వాళ్ల నాన్న, మహారాష్ట్రలోని భీవండి మగ్గాల్లో పనికని ఇంటిల్లిపాదినీ బయలుదేరదీస్తున్నాడు. గెలిచిన టీమ్‌కు హైదరాబాద్‌లో జీతంతో ట్రైనింగ్ ఉంది. "గెలిస్తే ఉండు బిడ్డా, లేకుంటే అందరం పోవుడే" అన్నాడట.

సిరిసిల్ల టీమ్‌ను తెచ్చింది నా క్లాస్‌మేట్ గంగాధర్. చదివేటప్పుడు మార్కులు నాకే ఎక్కువ, పేరు మాత్రం ఎప్పుడూ అతనిదే. గేటు దగ్గర చూడగానే కడుపు మండింది.

నియమం ఇది: ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే బ్యాటరీ పూర్తిగా తెగిపోవాలి, రోబో గీత దాటకుండా ఆగాలి. మోటార్ రెండు వైర్లను కలిపేస్తే, తిరుగుతున్న మోటారే జనరేటరై తన వేగాన్ని తానే చంపుకుంటుంది. దీన్ని డైనమిక్ బ్రేకింగ్ అంటారు. మేం ఆ వైర్లను రిలేతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌తో కలిపాం. ల్యాబ్‌లో ఎప్పుడూ రిమోట్‌తోనే ఆపి చూశాం, అప్పుడు బ్యాటరీ తెగదు కాబట్టి రిలే పనిచేసేది. ఇన్‌స్పెక్షన్‌లో బటన్ నొక్కగానే రిలేకు కూడా కరెంటు పోయింది. రోబో గీత దాటి జడ్జి కాళ్ల దగ్గర ఆగింది. మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు.

నేను రిలే విప్పుతుంటే రవళి లేచి నేరుగా గంగాధర్ దగ్గరకు నడిచింది. నేను ఇక్కడ ఉండగా!

"సార్, కరెంటు లేకుంటే బ్రేక్ ఎట్ల పడుతది?"

"రిలేల, కరెంటు పోతే కలిసే కాంటాక్ట్ ఇంకోటుంటది గద బిడ్డా. వైర్లు దానికి మార్చు. రోబో నడిచేటప్పుడే రిలేకు కరెంటియ్యి."

ఆ మాట నా నాలుక చివరనే ఉంది. స్క్రూడ్రైవర్ విసిరికొట్టాలనిపించింది. అయినా వైర్లు మార్చాను, ప్రోగ్రామ్ రవళి మార్చింది. రోబో గీతకు జానెడు ముందే ఆగింది. సాయంత్రానికి సిరిసిల్ల టీమ్‌నే ఓడించి గెలిచింది.

రవళి వాళ్ల నాన్న వచ్చి దండం పెట్టింది మాత్రం గంగాధర్‌కు. "మీ పున్నాన నా బిడ్డ ఈడనే ఉంటది సారూ!"

గంగాధర్ ఆయన్ను నా వైపు పంపి, తర్వాత వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"నా పిల్లలు వేరే సార్‌ను అడగరురా. అడిగితే నేనేమనుకుంటనో అని భయం. నీ పిల్లకు గంత ధైర్యం ఎట్ల నేర్పినవ్? నాకు కుళ్లుగున్నది" అన్నాడు.

కరెంటు ఉంటేనే పట్టే బ్రేక్‌ను నమ్మొద్దని అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌కూ చెబుతున్నాను. తెలియనిది ఎవరినైనా అడగమంటున్నాను, గంగాధర్‌ను కూడా. అతని పేరు చెప్పేటప్పుడు మాత్రం ఇప్పటికీ కడుపులో మంటే.